ఒకే మెట్టు మీద రెండు ప్రాణులు

గత నెలలో ఒక రాత్రి మా ఇంట దస్తర్‌ఖాన్ దగ్గర చిన్న వివాదం తలెత్తింది. బజారులో దొరికిన ముత్యపుచిప్ప పుట్టగొడుగులను ఉల్లిపాయలు, మిరియాలు వేసి వండారు. దాదీమా గిన్నె మూత తీసి, ముక్కలను గరిటెతో కదిపి చూసి, "ఇది గోష్తా, తర్కారీయా?" అని అడిగారు. "తర్కారీయే అమ్మీ" అని కోడలు జవాబు చెప్పేలోగానే ఎనిమిదో తరగతి చదివే మనవడు అడ్డు తగిలాడు. "కాదు దాదీ. మొక్కలు వేరు, శిలీంధ్రాలు వేరు అని మా పుస్తకంలో ఉంది. పుట్టగొడుగులు మొక్కలకంటే జంతువులకే దగ్గరి చుట్టాలని సారు చెప్పారు." దాదీమా ఒక్క క్షణం ఆలోచించి, "అయితే జిబహ్ చేయకుండా ఎట్లా వండారే?" అని కోడలి వైపు గంభీరంగా చూశారు. అందరూ నవ్వారు. ఆహార నియమం వేరు, జీవశాస్త్రం చేసే వర్గీకరణ వేరు. ఆ సంగతి దాదీమాకు తెలియనిది కాదు, మనవణ్ణి ఆటపట్టించడానికే అడిగారు.

నవ్వులు సద్దుమణిగిన తరువాత అసలు విషయం బయటపడింది. వేర్వేరు రాజ్యాలకు చెందిన రెండు ప్రాణులను ఎన్నుకొని, వాటి వర్గీకరణను, పరిరక్షణ స్థితిని పోల్చి రాసుకొని రమ్మని బడిలో చెప్పారట. కుర్రవాడు కంగారూను, పుట్టగొడుగును ఎన్నుకున్నాడు. కంగారూ అంటే పిల్లలకు ఉండే మోజు మనకు తెలిసిందే. కాని ఎర్ర కంగారూకు ప్రస్తుతం వచ్చిన ఆపద ఏమీ లేదు. మనం బజారులో కొనే పుట్టగొడుగుకూ లేదు. ఆపద లేనివాటి పరిరక్షణ స్థితిని గురించి రాయవలసింది ఒక్క వాక్యమే. అందుకని మేము అతనికి అదే కంగారూ క్రమానికి చెందిన మరొక చిన్న సంచిజంతువును, అదే ముత్యపుచిప్ప పుట్టగొడుగు ప్రజాతికి చెందిన మరొక పుట్టగొడుగును చూపించాము. ఈ నెల మా శీర్షికకు అదే విషయమైంది.

ముందుగా కుర్రవాని మాట సంగతి. అందులో పొరపాటు లేదు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో వృక్షజాతులకు పేర్లు పెట్టి ప్రకటించిన గ్రంథంలో శిలీంధ్రాలను సైతం మొక్కల పద్దులోనే వేశాడు. కదలదు, మెదలదు, నేలలోంచి మొలుస్తుంది కనుక మొక్కే అన్నది ఆనాటి తర్కం. ఆ లెక్క రెండు శతాబ్దాలకు పైగా నడిచింది. 1969లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ విట్టేకర్ జీవకోటిని ఐదు రాజ్యాలుగా విభజించినపుడు శిలీంధ్రాలకు తమదైన ఒక రాజ్యం దక్కింది. కారణాలు బలమైనవే. మొక్క సూర్యకాంతితో తన ఆహారాన్ని తానే తయారు చేసుకుంటుంది. శిలీంధ్రానికి ఆ శక్తి లేదు. అది జీర్ణరసాలను తన చుట్టూ వదలి, కరిగిన ఆహారాన్ని పీల్చుకుంటుంది. దాని కణకవచాలలో కైటిన్ ఉంటుంది. రొయ్య పెంకులో ఉండే పదార్థం ఇదే. మిగులు ఆహారాన్ని అది గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. మన కాలేయం చేసే పనీ అదే. 1993లో జీవుల జన్యు పదార్థాన్ని పోల్చిచూసిన పరిశోధనలు జంతువులూ శిలీంధ్రాలూ ఒకే మూలశాఖ నుండి చీలాయని, మొక్కల శాఖ అంతకు ముందే వేరుపడిందని చూపాయి.

మరొక మాట. మనం పుట్టగొడుగు అని కోసుకునేది మొత్తం ప్రాణి కాదు. మామిడిచెట్టుకు మామిడికాయ ఎటువంటిదో శిలీంధ్రానికి పుట్టగొడుగు అటువంటిది. అసలు ప్రాణి మట్టిలోనో కుళ్ళిన కొయ్యలోనో సన్నని దారాల వలగా పరచుకొని ఉంటుంది. దానిని శిలీంధ్రజాలం అంటారు. కాలం కలిసివచ్చినపుడు ఆ వల పైకి గొడుగును లేపుతుంది, ఆ గొడుగు కింది రేకుల నుండి సిద్ధబీజాలు రాలుతాయి. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందు దీనితో పని పడుతుంది.

ఇక మేము ఎన్నుకున్న రెండు ప్రాణులు. మొదటిది గిల్బర్ట్ పొటోరూ. జంతురాజ్యం, వెన్నెముక గల జీవుల వర్గం, క్షీరదాల తరగతి, కంగారూలూ కోఆలాలూ ఉండే డైప్రోటోడాంటియా క్రమం, పొటోరాయిడే కుటుంబం, పొటోరస్ ప్రజాతి, గిల్బర్టై జాతి. రెండవది సిసిలీ ద్వీపపు తెల్ల పుట్టగొడుగు. శిలీంధ్రరాజ్యం, బెసిడియోమైకోటా వర్గం, అగారికోమైసిటీస్ తరగతి, అగారికేల్స్ క్రమం, ప్లూరోటేసీ కుటుంబం, ప్లూరోటస్ ప్రజాతి, నెబ్రోడెన్సిస్ జాతి. మా గిన్నెలోని ముత్యపుచిప్ప పుట్టగొడుగులదీ ప్లూరోటస్ ప్రజాతే. పై నుండి కింది వరకు చూస్తే ఈ రెండు వంశవృక్షాలలో ఒక్క మెట్టయినా కలవదు. కాని మరొక నిచ్చెన ఉంది. అక్కడ ఈ రెండూ ఒకే మెట్టు మీద నిలిచాయి.

ఆ నిచ్చెన పేరు ఎర్ర జాబితా. 1948లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని 1964లో ప్రారంభించింది. ఇందులో తొమ్మిది వర్గాలున్నాయి. ఆందోళన అవసరం లేనివి ఒక కొసన, పూర్తిగా అంతరించినవి మరొక కొసన. మధ్యలో ఆపద సమీపిస్తున్నవి, దుర్బల స్థితిలో ఉన్నవి, ఆపదలో ఉన్నవి, అత్యంత విపత్కర స్థితిలో ఉన్నవి, బంధనలో మాత్రమే మిగిలినవి. వీటికి తోడు సమాచారం చాలని జాతులకు ఒక వర్గం, అసలు పరిశీలనకే రాని జాతులకు ఒకటి. మన రెండు ప్రాణులూ అత్యంత విపత్కర స్థితిలో ఉన్నవే. అడవిలో అంతరించడానికి ఒక్క మెట్టు ఇవతల అన్నమాట.

పొటోరూ కథ వింటే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. ఇది కిలో బరువుకు అటూఇటూగా ఉండే జంతువు. చూడగానే పెద్ద ఎలుక అనిపిస్తుంది కాని, వెనుక కాళ్ళ మీద గెంతుతుంది. ముందుకాళ్ళకు మట్టి తవ్వే పొడవైన గోళ్ళుంటాయి. పిల్ల పుట్టినపుడు చిక్కుడు గింజంత కూడా ఉండదు. తల్లి సంచిలోకి పాకి, చనుమొనను పట్టుకొని, నెలల తరబడి అక్కడే పెరుగుతుంది. ఒక కాన్పుకు ఒక్క పిల్లే. సంచిలో ఒక పిల్ల ఉండగానే తల్లి గర్భంలో మరొక పిండం పెరగకుండా ఆగి, తన వంతు కోసం వేచి ఉంటుంది. సంచిలోని పిల్ల ఏ కారణం చేతనైనా దక్కకపోతే అప్పుడు ఆ పిండం పెరుగుతుంది.

పక్షులనూ జంతువులనూ సేకరించే ఆంగ్లేయుడు జాన్ గిల్బర్ట్ 1840లో ఆస్ట్రేలియా నైరుతి కొసన, నేటి ఆల్బనీ పట్టణ ప్రాంతంలో దీనిని సేకరించి లండన్‌లోని జాన్ గౌల్డ్‌కు పంపాడు. గౌల్డ్ మరుసటి ఏడాది దానికి గిల్బర్ట్ పేరే పెట్టాడు. అక్కడి ఆదివాసులైన నూంగార్ ప్రజలకు అది ఏనాటి నుండో తెలిసిన జంతువే. ఆ రోజులలో విరివిగానే దొరికేది. ఆ తరువాత వలసదారులతో పిల్లులు వచ్చాయి, వేట సరదా కోసం నక్కలను తెచ్చి వదిలారు, పొదలకు నిప్పు పెట్టే పద్ధతి మారింది. పందొమ్మిదో శతాబ్దపు చివరి పాదం తరువాత ఆ జంతువును ఎవరూ చూడలేదు. వంద సంవత్సరాలకు పైగా గడిచాయి, అంతరించిందనే అందరూ నిశ్చయించుకున్నారు.

1994 చివరలో ఎలిజబెత్ సింక్లెయిర్ అనే పరిశోధక విద్యార్థిని ఆల్బనీకి తూర్పున ఉన్న టూ పీపుల్స్ బే అభయారణ్యంలో క్వొక్కా అనే మరొక సంచిజంతువు కోసం బోనులు పెట్టింది. తెల్లవారి చూస్తే బోనులో ఉన్నది క్వొక్కా కాదు. శతాబ్దం క్రితం పోయిందనుకున్న పొటోరూ సజీవంగా కూర్చుని ఉంది. ఆ అభయారణ్యానికి కూడా ఒక చరిత్ర ఉంది. అక్కడ ఒక ఊరు కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. అంతలో 1961లో, అప్పటికి అంతరించిందనుకున్న ఒక చిన్న పొదపిట్ట అక్కడ కనబడింది. దానికోసం ఊరి ప్రయత్నం విరమించి, 1967లో ఆ నేలను అభయారణ్యంగా ప్రకటించారు. పిట్ట కోసం కాపాడిన నేలలో, ఎవరికీ తెలియకుండా, పొటోరూ కూడా బతికి ఉంది. ఇళ్ళు లేచి ఉంటే రెంటి సంగతీ ఏమయ్యేదో వేరే చెప్పనవసరం లేదు.

దొరికిన జంతువులన్నీ ఒకే చోట ఉండడం ప్రమాదమని అధికారులు ముందుగానే గ్రహించారు. బంధనలో పెంచే ప్రయత్నం ఆశించినంతగా ఫలించలేదు. 2005 నుండి కొన్నింటిని నక్కలూ పిల్లులూ లేని బాల్డ్ ద్వీపానికి తరలించారు. 2010లో వేచినికప్ అనే చోట కంచె కట్టిన అడవిలో మరికొన్నింటిని వదిలారు. 2015 నవంబరులో పిడుగుపాటు వలన టూ పీపుల్స్ బేలో కార్చిచ్చు రేగి, పొటోరూలు నివసించే పొదలలో సుమారు తొంభై శాతం తగలబడింది. ద్వీపానికి పంపిన ఆ కొద్ది జంతువులే లేకపోతే ఈ వ్యాసం గతించిన జాతిని గురించిన వ్యాసమయ్యేది. నేటికీ మొత్తం పొటోరూల సంఖ్య వంద చుట్టూనే తిరుగుతోంది. ఒక పెళ్ళి వలీమా విందుకు వచ్చే జనం కూడా ఇంతకంటే ఎక్కువే ఉంటారు.

సిసిలీ పుట్టగొడుగుకు ఇటువంటి నాటకీయమైన కథ లేదు. బోనులో కూర్చొని ఎవరినీ చూడలేదు. మధ్యధరా సముద్రంలో ఇటలీకి ఆనుకొని ఉన్న ఆ ద్వీపం మన పాఠకులకు కొత్త కాదు. అరబ్బు భూగోళ శాస్త్రవేత్త ఇద్రీసీ 1154లో తన ప్రపంచపటాన్ని పూర్తిచేసింది అక్కడే. ఆ ద్వీపపు ఉత్తర భాగంలోని మాడోనియే కొండలలో, 1,200 మీటర్లకు పైన ఉన్న సున్నపురాతి పచ్చిక బయళ్ళలో, వసంతకాలంలో ఈ పుట్టగొడుగు లేస్తుంది. మీగడ రంగు, మందమైన గొడుగు, ఎండకు పొలుసులుగా చిట్లే పైచర్మం. ఎక్కడ పడితే అక్కడ మొలవదు. కొత్తిమీర, జీలకర్ర, వాము మొక్కలు చేరే కుటుంబానికే చెందిన ఒక అడవిమొక్క వేళ్ళను ఆశ్రయించి మాత్రమే బతుకుతుంది. రుచికి పేరుపడింది, బజారులో మంచి ధర పలుకుతుంది. దాని కష్టానికి మూలం ఆ రుచే. గొడుగు పూర్తిగా విచ్చుకోకముందే, అంటే సిద్ధబీజాలు రాలకముందే కోసుకుపోతారు. విత్తనం పడకముందే పంటనంతా ఎత్తుకెళితే పొలం గతి ఏమవుతుంది?

2006లో దీనిని ఎర్ర జాబితాలో అత్యంత విపత్కర స్థితిలో చేర్చారు. నిచ్చెన మొదలై నలభై రెండు సంవత్సరాలు గడిచాక దాని మీద నిలిచిన మొట్టమొదటి పుట్టగొడుగు ఇదే. అంతకు మూడేళ్ళ ముందు చేరిన శిలీంధ్రాలు రెండే, అవి రాళ్ళ మీదా చెట్ల మీదా పెరిగే లైకెన్ల రూపంలోనివి. ఒక్కసారి ఆలోచించండి. పులికీ, తిమింగలానికీ, కంగారూకూ ఆరోగ్యపత్రం రాసిన వైద్యుడు ఒక పూర్తి రాజ్యం వైపు తలతిప్పి చూడడానికి అంతకాలం పట్టింది.

ఆలస్యానికి నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు, లెక్కించడంలోని కష్టం కూడా ఉంది. ఒక జాతిని అత్యంత విపత్కర స్థితిలో చేర్చడానికి కొలతలు నిర్ణయించారు. పదేళ్ళలో లేదా మూడు తరాలలో ఎనభై శాతం తగ్గిపోవడం ఒక కొలత. వ్యాప్తి వంద చదరపు కిలోమీటర్ల లోపే ఉండి, అది ముక్కలై క్షీణిస్తూ ఉండడం మరొకటి. సంతానానికి వచ్చినవి 250 లోపే ఉండి తగ్గుతూ పోవడం, లేదా 50కి లోపే మిగలడం ఇంకొకటి. పొటోరూ విషయంలో ఈ లెక్క కష్టమైనదే కాని సాధ్యం. బోనులో పట్టి, చర్మం కింద చిన్న గుర్తింపు చిప్ పెట్టి, మళ్ళీ పట్టుకున్నపుడు పోల్చుకుంటారు. సంచిలో పిల్ల ఉందో లేదో కూడా చూస్తారు. పుట్టగొడుగును ఎట్లా లెక్కించాలి? ఒక చోట పది గొడుగులు లేచాయి. అవి పది ప్రాణులా, లేక ఒకే ప్రాణి కాసిన పది కాయలా? ఈ ఏడు గొడుగు లేవలేదు. ప్రాణి పోయిందా, లేక వానలు చాలక మట్టి కింద ఊరుకుందా? దానికి తరం అంటే ఎన్ని సంవత్సరాలు? మామిడికాయలను లెక్కపెట్టి తోటలోని చెట్లెన్నో చెప్పమన్నట్టుంటుంది. అండర్స్ డాల్‌బెర్గ్, గ్రెగరీ ముల్లర్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్తలు 2011లో ఈ చిక్కులకు పద్ధతులు సూచించిన తరువాత పని కొంత వేగం అందుకుంది. సిసిలీ పుట్టగొడుగు విషయంలో మాత్రం వ్యాప్తి వంద చదరపు కిలోమీటర్లకు లోపే ఉందని, ఏటా 250కి మించి పక్వానికి రావడం లేదని తేల్చారు.

వర్గీకరణ వేరు, పరిరక్షణ వేరు అని కుర్రవాడు తన పుస్తకంలో రెండు శీర్షికలు పెట్టుకున్నాడు. బడి కోసం అది చక్కగానే ఉంటుంది. కాని పేరు తప్పయితే ఆపద కూడా కనబడదు. చైనాలో 'బైలింగు' అనే తెల్ల పుట్టగొడుగును పెద్ద ఎత్తున పండిస్తారు. దానిని చాలాకాలం ఈ సిసిలీ జాతి పేరుతోనే పిలిచారు. ఆ పేరును నమ్మిన వారికి, టన్నుల కొద్దీ బజారుకు వచ్చే వస్తువుకు ఆపదేమిటనే సందేహం రాక మానదు. జన్యు పరీక్షలు రెండింటినీ పోల్చి, చైనాలో పండేది వేరొక జాతి అని తేల్చాయి. గుమాస్తాల పని అని మనం తేలికగా తీసివేసే పేర్ల పట్టిక వెనుక ఇంత ఉంది. సిసిలీ జాతిని సైతం సాగుచేయడంలో అక్కడి పరిశోధకులు సఫలమయ్యారు. తోటలో పండినది బజారుకు వస్తే కొండమీది దానికి కొంత ఊపిరి దొరుకుతుంది.

ఇంతవరకు రెండు ప్రాణులనూ పక్కపక్కన పెట్టి చూశాము. కాని పొటోరూను పుట్టగొడుగుతో పోల్చడానికి మరొక కారణం ఉంది. దానికోసమే మేము కంగారూను వదలి ఈ జంతువును ఎన్నుకున్నాము. పొటోరూ ఆహారంలో తొంభై శాతానికి పైగా శిలీంధ్రాలే. గడ్డి కాదు, పండ్లు కాదు. మట్టిలోనే పుట్టి, మట్టిలోనే పండే, గొడుగు లేని గడ్డలను అది వాసన పట్టి తవ్వుకొని తింటుంది. వీటిని ట్రఫుల్స్ అంటారు. అరబ్బు ఎడారులలో వాన పడ్డాక ఇసుకలో దొరికే 'కమ్అ' కూడా ఈ తీరుదే. హదీసు గ్రంథాలలో దాని ప్రస్తావన ఉన్నందున ఆ పేరు మన ఇళ్ళలో అపరిచితం కాదు. మా దాదీమా కూడా "ఓ, అదా!" అన్నారు. ఆస్ట్రేలియా గడ్డలు ఆ జాతులవి కావు, తీరు మాత్రం ఒకటే.

నేల లోపల పండే గడ్డ తన సిద్ధబీజాలను గాలికి ఎగరవేయలేదు. అందుకే పక్వానికి రాగానే ఘాటైన వాసన వదులుతుంది. పొటోరూ తవ్వి తింటుంది. సిద్ధబీజాలు దాని కడుపులో అరగక, పెంటలో బయటపడి, కొత్తచోట మొలకెత్తుతాయి. అక్కడి శిలీంధ్రజాలం యూకలిప్టస్ మొదలైన చెట్ల వేళ్ళను చుట్టుకొని, వాటికి మట్టిలోని భాస్వరాన్నీ నీటినీ అందించి, బదులుగా చక్కెర తీసుకుంటుంది. చెట్టు లేక గడ్డ లేదు, గడ్డ లేక పొటోరూ లేదు, పొటోరూ వంటి తవ్వే జంతువులు లేకపోతే గడ్డ కొత్తచోటికి పోలేదు. బంధనలో పెంచడం ఎందుకంత కష్టమో కూడా ఇక్కడ కొంత అర్థమవుతుంది. పదుల రకాల అడవి గడ్డలను ఏ వంటవాడు రోజూ పళ్ళెంలో పెట్టగలడు?

ఈ గొలుసుకు మరొక శత్రువు ఉంది. ఫైటాఫ్తోరా అనే సూక్ష్మజీవి నైరుతి ఆస్ట్రేలియాలో చెట్ల వేళ్ళను కుళ్ళబెట్టి, పొదలకు పొదలను ఎండగొడుతోంది. వేరు చస్తే వేరును పట్టుకున్న గడ్డ కూడా పోతుంది. మన నిమ్మ, బత్తాయి తోటల రైతులకు ఈ పేరు కొత్త కాదు. కాండం నుండి బంక కారే తెగులుకు కారణం ఇదే ప్రజాతి. చూపుకు ఇది బూజులాగే ఉంటుంది, చాలాకాలం శిలీంధ్రమనే అనుకున్నారు. నేటి వర్గీకరణ దానిని శిలీంధ్రరాజ్యం నుండి తీసివేసి, సముద్రపు గోధుమరంగు నాచుల పక్కన కూర్చోబెట్టింది. జంతువు అనిపించనిది జంతువుకు చుట్టమయింది, శిలీంధ్రం అనిపించినది పరాయిదయింది.

పొటోరూ నిచ్చెన మీద ఏ మెట్టున ఉందో మనకు తెలుసు. అది తినే గడ్డలు ఏ మెట్టున ఉన్నాయి? వాటిలో చాలావాటికి మెట్టు లేదు. ఆస్ట్రేలియా ట్రఫుల్స్‌లో అనేకం ఇంకా శాస్త్రీయంగా పేరుకైనా నోచుకోలేదు. పేరు లేనిది పరిశీలనకు రాదు. క్షీరదాలలో దాదాపు ప్రతి జాతినీ ఎర్ర జాబితా పరిశీలించింది. శిలీంధ్రాలలో ఇప్పటికి పేరు పెట్టినవి సుమారు లక్షా యాభై ఐదు వేలు. మొత్తం ఇరవై ఐదు లక్షలు ఉండవచ్చునని అంచనా. 2025 మార్చి నాటికి జాబితాకెక్కినవి సుమారు 1,300. వాటిలో 411 జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. ఒక అతిథిని ఇంటికి పిలిచి, గదిని అమర్చి, తలుపుకు గొళ్ళెం వేసి, వంటింట్లో ఏముందో చూడకుండా ఉండే గృహస్థును మనం ఏమంటాము? పొటోరూకు కంచె కట్టారు, నక్కలను ఆపారు, ద్వీపం ఇచ్చారు. ఇదంతా మెచ్చుకోదగినదే. వంటింటి లెక్క మాత్రం ఇంకా మొదలైన దశలోనే ఉంది.

మన దేశం సంగతి కూడా ఒక మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జంతువులతో మొదలైంది. 1991 సవరణతో కొన్ని మొక్కలకు కూడా అందులో చోటు దొరికింది. ఆ పట్టికలలో శిలీంధ్రం ఒక్కటీ లేదు. అంతరించే జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందంలోనూ లేదు. తొలకరి తరువాత మన అడవుల అంచున, రోడ్డు పక్కన ఆకులలో పెట్టి అమ్మే పుట్టగొడుగులు ఉన్నాయి. వాటిలో ఎక్కువ ఆదరణ పొందినవి చెదపుట్టల మీద లేచేవి. చెదపురుగులు పుట్ట లోపల ఆ శిలీంధ్రాన్ని సాగుచేసి తింటాయి. మనిషి మాత్రం దానిని ఇంతవరకు వ్యాపారస్థాయిలో తోటలో పండించలేకపోయాడు. తెలుగులో మొత్తం జాతికే 'పుట్ట'గొడుగు అని పేరు పెట్టిన మన పూర్వులు ఆ ప్రాణి ఎవరి ఇంట్లో బతుకుతుందో చూసే పెట్టారనిపిస్తుంది. పుట్టను దున్నివేస్తే గొడుగు ఎక్కడ లేవాలన్నది వారికి ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

మా కుర్రవాడు నాలుగు రోజులు కూర్చొని పట్టిక పూర్తిచేశాడు. ఎడమ నిలువుగడిలో పొటోరూ, కుడి గడిలో తెల్ల పుట్టగొడుగు. రాజ్యం నుండి జాతి వరకు ఏడు వరుసలు, ఎనిమిదో వరుసలో పరిరక్షణ స్థితి. ఆ వరుసలో రెండు గడులనూ కలిపి ఒకే మాట రాశాడు. బడికి తీసుకుపోయే ముందు పట్టికను మాకు చూపించాడు. పొటోరూ గడికి ఎడమ వైపున పెన్సిలుతో మూడో నిలువుగడి కొత్తగా గీసి ఉంది. దాని తలమీద 'పొటోరూ తినే గడ్డలు' అని రాసి ఉంది. రాజ్యం దగ్గర శిలీంధ్రం అని రాశాడు. కింద జాతి దగ్గరా, పరిరక్షణ స్థితి దగ్గరా ఏమీ రాయలేదు. మార్కులు తగ్గుతాయేమో, చెరిపివేయమందామని కోడలు అంది. ఉంచమని దాదీమా చెప్పారు.